సరోవరం సెలవు తీసుకోని వేసవి

రాజులలో రెండు తెగలున్నాయి. నిత్యమూ ప్రజల కళ్ళెదుట ఉండి విసిగించేవారు మొదటి తెగ. ఏడాదిలో సగకాలం కనబడకుండా పోయి గౌరవం నిలుపుకునేవారు రెండవ తెగ. మా డ్రిన్నాన్ సరస్సు రెండవ తెగకు చెందిన మహారాజు. శరత్కాలపు వానలు ముదరగానే భూగర్భంలోంచి సపరివారంగా వేంచేసి, మా పచ్చికబయళ్ళను ఆక్రమించి, చలికాలమంతా హంసలచేత సేవలు చేయించుకుని, మే నెల ముగిసేలోగా వచ్చిన దారినే నిష్క్రమించేవారు. రావడానికీ పోవడానికీ ద్వారం ఒక్కటే. సున్నపురాతి నేలలో, ముళ్ళపొదల నడుమ ఉన్న ఒక గొయ్యి. మా ఊరివాళ్ళు దాన్ని 'గొంతు' అంటారు. గొంతు నీటినంతా మింగాక సరస్సు అడుగున గడ్డి మోకాలెత్తు లేచేది. గొడ్లు అక్కడే మేసేవి. జూన్‌లో సెయింట్ జాన్ పండుగ ముందటి సాయంత్రం అక్కడే, గొంతు పక్కనే, ఊరంతా చేరి మంట వేసేవాళ్ళం. షానన్ నదికి పడమట ఇటువంటి సరస్సులు మరికొన్ని లేకపోలేదు. అవి సామంతులని మా అభిప్రాయం.

మా ఇల్లు ఆ బయలు అంచున, వాలు దిగువన ఉండేది. నా భార్య అట్రాక్టా తాతగారు దాన్ని కట్టి 'సరోవర దర్శనం' అని పేరు పెట్టారు. ఏడాదికి ఆరు నెలలు మాత్రమే నిజమయ్యే పేరు అది. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాణ్ణి. జీవితమంతా పట్నపు బడిలో పిల్లలకు లాటిన్ నూరిపోసి, వారిలో ఒక్కడికైనా అది వంటబట్టిందన్న ఆధారం లేకుండానే సగౌరవంగా విశ్రాంతి పుచ్చుకున్నాను. అందుచేత, జిల్లా మండలివారు సరస్సు చుట్టూ సైకిలు యాత్రికుల కోసం ఒక మార్గాన్ని నిర్ణయించి, మలుపు మలుపునా సైకిలు బొమ్మ ఉన్న గోధుమరంగు పలకలు నాటించినప్పుడు, ఆ మార్గానికి ఆస్థాన విద్వాంసుడుగా నన్ను నేనే నియమించుకున్నాను. యాత్రికుల ముందు నా పాత సైకిలు తొక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఒక యుద్ధం గురించీ, ప్రతి గుట్ట మీదా ఒక పరిశుద్ధుడి గురించీ చెప్పేవాణ్ణి. మలుపులూ గుట్టలూ నిజమైనవే.

అట్రాక్టా ఇంట్లో పైగదులు యాత్రికుల బసకు సిద్ధం చేసింది. పట్టణపు దంతవైద్యుని దగ్గర గుమాస్తా పని మానేసింది. పరుపులు కొన్నది, పైగదిలో కొత్త కిటికీ పెట్టించింది. కిటికీ సరస్సు వైపుకు. అయితే యాత్రికులు వచ్చేది వేసవిలో, ప్రభువులు లేని సమయంలో. తొలి వేసవి వచ్చినవాళ్ళు దేవతావస్త్రాలకన్నా ఒక్క మెట్టు మాత్రమే మెరుగైన బిగుతు దుస్తులలో, చెమటలు కక్కుతూ, గుమ్మంలో నిలబడి అడిగేవారు:

"సరస్సు ఎక్కడండీ?"

"దాని మీదుగానే కదా వచ్చారు," అనేది అట్రాక్టా టీ కెటిలు పట్టుకుని.

వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే కోల్‌మన్ ఆవులు మేస్తూ కనబడేవి. మర్యాదకు ఆవులనే ఫొటో తీసుకునేవారు. వాళ్ళు వెళ్ళాక అట్రాక్టా ఆ కొత్త కిటికీ ముందు నిలబడి పచ్చికను చూస్తూ సణిగేది: "ఇంకో రెండు నెలలు ఆగితే దాని సొమ్మేం పోయింది?"

మహారాజులు కొన్ని మనవులు ఆలస్యంగా ఆలకిస్తారు.

*

నేను చెప్పే వేసవికి ముందటి చలికాలం వాన ఆగలేదు. మార్చి నెలలో జిల్లా మండలి నుంచి గ్రాన్యా లావెల్ అనే అమ్మాయి చర్చి పక్కనున్న హాలులో సభ పెట్టింది. ఆ సైకిలు మార్గాన్ని గీసింది ఆమే. తడిసిన కోటుతో, చేతిలో పటంతో నిలబడి విషయం సూటిగా చెప్పింది.

"నీళ్ళు ఈసారి ఎక్కువున్నాయి. వాటంతట అవి తియ్యకపోతే పంపులు పెట్టాలి. పెడితే పక్షులు గూళ్ళు కట్టకముందే అనుమతి తెచ్చుకోవాలి. అవి కట్టాక చట్టం ఒప్పుకోదు, నేను ఏడ్చినా ఒప్పుకోదు. మీలో ఎవరికైనా భయంగా ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. భయం లేక కాదు. మా ప్రాంతంలో కష్టం ఉన్నదని బయటివాళ్ళ ముందు ఒప్పుకోవడం అన్నిటికన్నా పెద్ద అమర్యాద. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో పిల్లకు మూర్ఛలున్నాయని ఎవరైనా చెబుతారా? పైగా కొండకు అవతలి ఊళ్ళో ఇంకో సరస్సు ఉన్నది. ఏ రాజమర్యాదా ఎరుగక, ఏడాది పొడుగునా పడి ఉండే సరస్సు. మనం నోరు జారితే గోధుమరంగు పలకలన్నీ అక్కడికి తరలిపోతాయని అందరికీ తెలుసు.

చివరకు మా పొరుగు రైతు కోల్‌మన్ లేచాడు. డెబ్బై దాటిన బ్రహ్మచారి. టోపీ తలలో ఒక భాగమనిపించే మనిషి.

"పోతుందమ్మా," అన్నాడు. "ఎప్పుడు పోలేదు గనక? మా నాన్న నాడు పోయింది, మా తాత నాడు పోయింది. సెయింట్ జాన్ మంట గొంతు పక్కనే వేస్తాం చూడు. నువ్వూ రా. నిప్పుల్లో కాల్చిన దుంపలు పెడతాం."

"మీరేమంటారు ఆంటీ?" అని గ్రాన్యా అట్రాక్టాను అడిగింది. సరస్సుకు అందరికన్నా దగ్గరి ఇల్లు మాదే.

"పోతుందిలే అమ్మా," అన్నది అట్రాక్టా. "ముందు నువ్వు ఆ తడికోటు విప్పు. శాండ్‌విచ్ తిను."

హాలంతా చప్పట్లు. తీర్మానాన్ని బలపరుస్తూ నేను రోము నగర చరిత్ర నుంచి ఒక ఉపమానం చెప్పాను. ఎవరూ వినలేదు గనక అందులో నా వాటా పాపం స్వల్పమే. గ్రాన్యా పటం చుట్టి చంకన పెట్టుకుని, వానలోకి వెళ్ళిపోయింది.

*

మే నెల వచ్చింది. హంసలు వెళ్ళలేదు.

మొదటి యాత్రికులు హాలండ్ దేశపు దంపతులు. ఉదయం ఫలహారానికి కొత్త కిటికీ ముందు కూర్చున్నారు. నీరు మా చేను గోడవరకూ నిండి, ఎండలో వెండిపళ్ళెంలా మెరుస్తోంది. ఆకాశంలోని మబ్బు ప్రతి ఒక్కటీ తన ప్రతిబింబం చూసుకోవడానికి మా ఇంటి ముందు ఆగుతున్నట్టుంది.

"ఎంత అదృష్టవంతులండీ మీరు!" అన్నదావిడ.

అట్రాక్టా చెవుల దాకా ఎర్రబడింది. కింద వంటింట్లోకి వచ్చి నా మోచేయి గిల్లింది. "విన్నారా? ఈ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూశాను."

ఆయన మాత్రం ఆ దృశ్యాన్ని భార్య చూసినట్టు చూడలేదు. సముద్రం కన్నా దిగువన కాపురం చేసే జాతివాడు కదా, నీటిని అప్పులవాడిని చూసినట్టు చూస్తున్నాడు. "నిన్న సాయంత్రం ఆ గోడ అడుగున నల్లరాళ్ళ వరస కనబడింది. ఇవాళ లేదు," అన్నాడు.

"అవునా?" అన్నది అట్రాక్టా.

"మా దేశంలో అయితే ఈపాటికి ఊరంతా పరుగు తీసేది."

"ఇక్కడ అలా కాదండీ. పోతుంది. ఇంకో సాసేజీ వేసుకోండి."

ఆయన వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు చేతి సంచీ సర్దుకుంటూ నా వంక ఒక్క క్షణం ఎక్కువగా చూశాడు. ఏమీ అనలేదు. రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. మర్యాదలు అప్పటికే అంటుకున్నాయేమో.

కోల్‌మన్ ప్రతి ఉదయం వచ్చేవాడు. నీటి అంచున ఒక కర్ర పాతి, పరీక్షించి, గుమ్మంలోకి వచ్చి వార్త చెప్పేవాడు.

"తగ్గింది అమ్మాయ్. వేలెడు తగ్గింది."

"నేను చెప్పలా బాబాయ్? కూర్చో, రొట్టె ఇప్పుడే తీశాను."

ఒకనాడు నేను అతని వెంట నీటి అంచుదాకా వెళ్ళాను. కర్ర తడి లేని గడ్డిలో, మా గేటుకు అల్లంత దూరంలో నిలబడి ఉన్నది.

"నిన్నటి కర్ర ఏదీ, కోల్‌మన్?"

"దాన్ని చూస్తే ఏం తెలుస్తుంది మాస్టారూ? అది మునిగిపోయింది కదా."

"మరి తగ్గిందంటివి?"

అతను టోపీ ముందుకు లాక్కుని సరస్సు వంక చూశాడు. "ఈ కర్రతో చూస్తే తగ్గినట్టే గదా," అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "అమ్మాయి ఇప్పుడే రొట్టె తీసింది మాస్టారూ. అలాంటి టైంలో ఏం చెప్పమంటారు?"

ఇద్దరం వెళ్ళి వేడి రొట్టె తిన్నాం.

మార్గం అప్పటికే తెగడం మొదలైంది. ముందు శ్మశానం పక్కనున్న పల్లపు దారి మునిగింది. పసుపుపచ్చ పలక ఒకటి వెలిసి, యాత్రికులను కొండ మీదికి మళ్ళించింది. తరువాత పాత సున్నపు బట్టీ దగ్గరి వంతెన పోయింది. పరిపూర్ణమైన ప్రదక్షిణ మార్గం అర్ధప్రదక్షిణమై, అటుపైన గుర్రపు నాడా ఆకారానికి వచ్చింది. నేను నా యుద్ధాలను మెట్టప్రాంతాలకు తరలించాను. ఒక పరిశుద్ధుణ్ణి మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక నీళ్ళలోనే వదిలేశాను. దారి ఎంత కుదించుకుపోతే యాత్రికులు అంత పెరిగారు. ఇళ్ళ ముంగిటికి వచ్చే సరస్సును ఎవరు మాత్రం చూడకుండా ఉంటారు? పైగదులు ఒక్కరోజూ ఖాళీగా లేవు. అట్రాక్టా జీవితంలో అంత రద్దీ ఎన్నడూ ఎరగదు. పగలంతా ఆమె పాట పాడుతూ దుప్పట్లు ఉతికేది. ఆరబెట్టే తీగను మాత్రం వారానికొకసారి ఇంటికి దగ్గరగా జరిపి కట్టేది. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

*

జూన్ మొదట్లో గ్రాన్యా వచ్చింది. సైకిలును చాలా దూరంలోనే వదిలి నడిచి వచ్చింది. అట్రాక్టా పెరటి గేటు దగ్గర నిలబడి ఉన్నది. గేటు సగం నీళ్ళలో ఉన్నది. దాని పై అడ్డకర్రకూ స్తంభానికీ మధ్య ఒక నీటికోడి పుల్లలూ గడ్డీ పేర్చి గూడు కట్టుకుని, మమ్మల్ని అనుమానంగా చూస్తూ కూర్చుంది.

"పంపుల సంగతి ఏమైందమ్మా?" అన్నది అట్రాక్టా.

గ్రాన్యా ఆ పక్షి వంక చూసింది. "ఇదిగో, ఇదీ సంగతి ఆంటీ. సరస్సు పొడుగునా ఇలాగే ఉన్నాయి. గూళ్ళు ఖాళీ అయ్యేదాకా నీటిని ముట్టుకోకూడదు. ప్రత్యేకంగా అనుమతి అడిగాం. పైవాళ్ళు ఆ పైవాళ్ళను అడగాలట. వాళ్ళు కోర్టును అడగాలట."

"ఈ లోపల?"

"ఈ లోపల ఇసుకబస్తాలు పంపిస్తాను."

అట్రాక్టా నీటికోడిని చాలాసేపు చూసింది. కోపంగా కాదు. ఒక ఇల్లాలు ఇంకో ఇల్లాలిని చూసినట్టు. "దీనికి చట్టముంది," అన్నది. "మంచిదే."

ఆమె తాతగారు కట్టిన గూడు వందేళ్ళ నాటిది. చట్టం ఈ ఏటి గూళ్ళనే గుర్తిస్తుంది.

"మార్చిలో అడిగాను ఆంటీ," అన్నది గ్రాన్యా, నేల చూస్తూ. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా దగ్గర ఉన్న నీళ్ళు చాలవన్నట్టు.

"అడిగావమ్మా. అడగలేదని ఎవరన్నారు? నీ తప్పేముంది? రా, టీ తాగుదువు గాని."

బస్తాలు వచ్చాయి. రోమను సేనానులు మహానదులకు వంతెనలు కట్టిన వైనాన్ని తరతరాల పిల్లలకు బోధించిన నేను, ఒక ఇసుకబస్తాను ఇంకో ఇసుకబస్తా మీద నిలపలేకపోయాను. స్పెయిన్ నుంచి వచ్చిన నలుగురు యాత్రికులు పసుపూ ఎరుపూ బిగుతు దుస్తులలో వరసగా నిలబడి, మండే రంగుల చిలుకల్లా అరుస్తూ, బస్తాలన్నీ గుమ్మం ముందు పేర్చిపెట్టారు. తరువాత వాటి మీద కూర్చుని ఫొటో దిగారు. వెనకాల సరస్సు చాలా బాగా పడిందని చూపించారు. నిజంగానే బాగా పడింది.

సెయింట్ జాన్ సాయంత్రం వచ్చేసరికి గొంతు ఎక్కడున్నదో చెప్పగలవాడు లేడు. అది నీళ్ళకింద ఎక్కడో, పుల్లో చెత్తో అడ్డుపడి, మింగుడు మరచిపోయి ఉన్నది. మంట వేసే తావు లేదు. అలాగని వేయకుండా ఉంటే సరస్సు పోలేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుచేత ఊరి పెద్దలు ఆలోచించి, మా వీధి గేటు ముందటి సైకిలు దారి మీదనే కట్టెలు పేర్చారు. గోధుమరంగు పలక వేడికి పాడవుతుందని కోల్‌మన్ దాన్ని పీకి జాగ్రత్తగా గోడకు ఆనించాడు.

మా దేశంలో జూన్ సాయంత్రాలకు చీకటిపడే తొందర ఉండదు. ఆ పండువెలుగులో మంట నీళ్ళలో కూడా మండింది. మంటకన్నా ప్రతిబింబమే పెద్దదిగా కనబడింది. యాత్రికులు నోళ్ళు తెరిచి చూశారు. కోల్‌మన్ నిప్పుల్లో దుంపలు దొర్లించి, బూడిద దులిపి, గ్రాన్యాకు మొదటిది ఇచ్చాడు. మార్చిలో మాటిచ్చాడు కదా.

"వచ్చేవారానికి చూడు, గడ్డి బయటపడుతుంది," అన్నారు ఒకరు.

"గాలి తూర్పుకు తిరిగింది. తిరిగితే పోయినట్టే," అన్నారు మరొకరు.

అప్పుడు మంట అడుగున ఒక మూల బుస్సుమన్నది. నీరు బూడిద అంచును తాకింది. అందరం విన్నాం. వెంటనే ఎవరో పాట ఎత్తుకున్నారు. మిగతావాళ్ళు చాలా గట్టిగా అందుకున్నారు.

పండుగ మంట నుంచి ఒక నిప్పుకణిక ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో వేయడం మా ఆచారం. అట్రాక్టా వంటింట్లో ఇనుప పొయ్యి ఉన్నది. దాని నిప్పును రాత్రి బూడిదతో కప్పి, ఉదయం రాజేసేవాళ్ళు. ఆమె నానమ్మ నాటి నుంచీ అది ఆరలేదని చెబుతారు. ఎప్పుడైనా ఆరినా మాకు చెప్పేవారు కారనుకోండి. ఆ సాయంత్రం కోల్‌మన్ పార మీద కణిక పెట్టుకుని, పెరట్లో పాదాలు మునిగే నీటిలో, గుడిలో దీపం మోసినట్టు మెల్లగా నడిచాడు. అట్రాక్టా పొయ్యి తలుపు తెరిచి పట్టుకుంది.

"ఇక ఏడాదంతా ఢోకా లేదు అమ్మాయ్," అన్నాడతను.

"లేదు బాబాయ్," అన్నదామె.

*

సరస్సు వీధి గుమ్మంలోంచి వస్తుందని మేము దళాలను అక్కడ మోహరించాం. ప్రభువులు అటువంటి సామాన్య ద్వారం ఎందుకు వాడతారు? జూలై నెల మధ్యలో ఒక ఉదయం ఆయన వంటింటి నేలలోంచి వేంచేశారు. రాతిపలకల సందుల్లోంచి, ముందు చెమటలా, తరువాత ఊటలా, చప్పుడు లేకుండా. మా కింద నేలంతా సున్నపురాయి, రాయంతా బొరియలు. ఇసుకబస్తాలు మాత్రం తమ విధి మరువలేదు. లోపలికి వచ్చిన నీరు బయటికి పోకుండా గట్టిగా అడ్డుకున్నాయి.

ఆ రోజు పైగదిలో కార్క్ పట్టణం నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు బస చేశారు. నేను వాళ్ళకు విషయం చెప్పి పంపించేద్దామన్నాను.

"టిఫిన్ పెట్టకుండానా?" అన్నది అట్రాక్టా. "డబ్బు కట్టారు. మీ రోమువాళ్ళు అతిథులను ఇలాగే పంపేవాళ్ళా?"

ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుని, నీళ్ళలో నిలబడి గుడ్లు వేయించింది. నేను పళ్ళాలు పైకి మోశాను. అక్కచెల్లెళ్ళకు ఇల్లు తేలుతోందని తెలియదు. కిటికీలోంచి చూస్తూ, "ఓడలో ఉన్నట్టుంది మాస్టారూ!" అని మురిసిపోయారు.

నేను రెండోసారి టీ కోసం దిగేసరికి పొయ్యి అడుగున సన్నగా సుయ్యిమన్న చప్పుడు వినిపిస్తోంది. పెనంలో ఏదో మాడుతున్నట్టు. అట్రాక్టా పెనం తీసి పక్కన పెట్టింది. ఆవిరి పొయ్యి తలుపు సందుల్లోంచి వచ్చి, ఆమె మోకాళ్ళ చుట్టూ తిరిగి, ఆగిపోయింది. ఆమె అరచేయి నీళ్ళు తాకిన ఇనుము మీద పెట్టింది. అలాగే ఉంచింది. నేను కెటిలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమె చేయి తీసేసరికి ఆ ఇనుము చల్లబడి ఉండాలి.

"టీ సరిపోయిందా వాళ్ళకు?" అన్నది.

"సరిపోయింది," అన్నాను. వాళ్ళు ఇంకొంచెం అడిగారు.

కోల్‌మన్ వేళకు వచ్చాడు. గుమ్మం దగ్గర బస్తాలు దాటి లోపలికి దిగాడు. చేతిలో కర్ర లేదు. పొయ్యిని చూశాడు. నీళ్ళను చూశాడు. నేను అతని నోటి వంకే చూస్తున్నాను, వేలెడు తగ్గిందని అంటాడేమోనని. ఏ కర్రతో కొలిచి అయినా సరే.

అతను టోపీ తీశాడు. ఆ టోపీ కింద జుట్టు ఉన్నదో లేదో అదివరకు చర్చిలో ఉన్నవాళ్ళకూ, శవపేటిక పక్కన నిలబడ్డవాళ్ళకూ మాత్రమే తెలుసు. నీళ్ళలో రెండడుగులు వేసి, అట్రాక్టా ఎదుట నిలబడి, చెయ్యి చాచాడు.

"నీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది అమ్మాయ్."

చావింట్లో తప్ప మా ఊళ్ళో ఎవరూ ఆ మాట పలకరు. ఎవరి నోట విన్నా అవే మాటలు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు.

అట్రాక్టా అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు వచ్చావు, అంతే చాలు బాబాయ్," అన్నది. అది అక్కడ ఇవ్వవలసిన జవాబు. అతను నా చెయ్యి కూడా పట్టుకుని అదే మాట అన్నాడు. చల్లని చెయ్యి, కర్రలు పాతి పాతి గరుకుబారింది.

మధ్యాహ్నానికి ఊరికి తెలిసిపోయింది. ఒక్కొక్కరూ వచ్చారు. పెరట్లో నీళ్ళలో వరస కట్టి, ఆదివారం బట్టలతో, మోకాళ్ళదాకా ప్యాంట్లు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఒకరి తరువాత ఒకరు మాతో చేతులు కలిపారు. 'పోతుంది' అని ఒక్కరూ అనలేదు. గేటు మీది నీటికోడి పిల్లలు గూటిలోంచి దిగి, వరస చివర ఉన్నవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి ఈదుకుంటూ వెళ్ళాయి. గూడు ఖాళీ అయింది. ఇక పంపులు పెట్టవచ్చు.

కార్క్ అక్కచెల్లెళ్ళు సామాను కట్టుకుని మెట్ల మీద నిలబడి, ఈ ఊరేగింపును చూసి బిత్తరపోయారు. కోల్‌మన్ వాళ్ళ సైకిళ్ళను ఒక్కొక్కటీ భుజాన ఎత్తుకుని పొడినేలకు చేర్చాడు. వాళ్ళలో చిన్నామె అడిగింది, "ఎవరు పోయారండీ?"

"ఇల్లు," అన్నాడు కోల్‌మన్. "దారి ఇటు లేదమ్మా. కొండ మీదుగా పొండి."

*

కోల్‌మన్ ట్రాక్టరు వెనక మా మంచమూ, కోళ్ళూ, నా లాటిన్ నిఘంటువూ కొండ ఎక్కాయి. అతని అన్నగారి పాత ఇల్లు అక్కడ ఖాళీగా ఉన్నది. ఆగస్టులో కోర్టు కరుణించి పంపులు వచ్చాయి. రెండు వారాలు రొదపెట్టాయి. నీళ్ళు గుమ్మందాకా తీసి, ఒక్క వానకు మళ్ళీ వచ్చాయి. గ్రాన్యా నడుము నొప్పిపుట్టేలా తిరిగింది. చేయగలిగిందంతా చేసింది. చేయగలిగింది తక్కువ.

మార్గం మాత్రం చావలేదు. మార్గాలకు మనుషులకన్నా బుద్ధి ఎక్కువ. కొండ మీదికి పూర్తిగా జరిగి, కొత్త పలకలు తొడుక్కుని, పైన ఒక మలుపులో బల్లను కూడా సంపాదించింది. ఆ బల్ల మీద కూర్చుంటే సరస్సంతా కనబడుతుంది. సరస్సు నడుమ ఒక ఇంటి కప్పు, రెండు పొగగొట్టాలు, పైగది కొత్త కిటికీ. సాయంత్రం ఎండలో ఆ కిటికీ ఒక్కటే వెలుగుతుంది. యాత్రికులంతా అక్కడ ఆగుతారు. 'సరోవర దర్శనం' అన్న పేరు ఇన్నాళ్ళకు ఏడాది పొడుగునా నిజమైంది. కాకపోతే చూసే చోటు మారింది. నా ఉపన్యాసాలకు అంతకన్నా మంచి స్థలం దొరకదు. నేను అక్కడ ఒక్కటీ చెప్పలేదు.

బ్లాక్‌బెర్రీలు కోసే నెపంతో అట్రాక్టా మధ్యాహ్నాలు ఆ బల్ల దగ్గరికి వచ్చేది. బుట్టలో పండ్లకన్నా ఫ్లాస్కు ఎక్కువ చోటు తీసుకునేది. ఇల్లు కనబడేలా కూర్చుని, దాన్ని చూడకుండా ఉండటం ఆమెకు అలవాటైంది. ఒకరోజు నేను పక్కన ఉన్నాను. ఒక బెల్జియం కుర్రవాడు ఒంటరిగా ఆ కొండ ఎక్కి, రొప్పుతూ సైకిలు గోడకు ఆనించాడు. హెల్మెటు తీసి, మాట పెగలక, చేత్తో కిందికి చూపించాడు.

"ఎంత అందంగా ఉందండీ!"

"అవును," అన్నది అట్రాక్టా.

"ఆ ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నీళ్ళు ఎప్పుడు తీస్తాయి?"

మా ఊరివాళ్ళకు ఆ ప్రశ్నకు జవాబు పుట్టుకతో వస్తుంది. నేను కూడా ఇల్లరికం వచ్చిన ఏడాదే నేర్చుకున్నాను. ఆమె ఆ మాటే అంటుందని ఎదురుచూశాను. అంటే నేనూ తల ఊపేవాణ్ణే.

ఆమె ఫ్లాస్కు మూత తిప్పి, కప్పును తన కోటు అంచుతో తుడిచింది. ఆ వేసవిలో మొదటిసారి కిందికి, ఆ కిటికీ వంక, సూటిగా చూసింది.

"తియ్యవు నాయనా," అన్నది. "టీ తాగుతావా?"